ముప్పై ఎనిమిది సెకన్లు

“నాలుగోసారి చెప్తున్నాను, దాన్ని ముట్టుకోకు,” అంటున్నారు అత్తయ్య. “కార్డు జోలికి పోవట్లేదు నానమ్మా, వేగం ఒక్కటే మారుస్తా,” అంటోంది మా అమ్మాయి. “పోయిన వారం కూడా వేగమే అన్నావు. దీవి కాస్తా మాయమైంది.” “తెచ్చిపెట్టానా లేదా? కాపీ దాచుకునే కదా చేశాను.” “పోగొట్టినవాళ్ళే తెచ్చిపెడితే దాన్ని తేవడం అనరే తల్లీ.” భోజనాల దగ్గర మొదలైన తగువు, కంచాలు కడిగి బోర్లించినా తెగలేదు. ఈయన కుర్చీలో వెనక్కి వాలి ఎవరి పక్షమూ చేరకుండా ఇద్దరికీ చెరో మాట అందిస్తున్నారు. తల్లి వైపు తిరిగి నిదానమే ప్రధానం అంటారు, కూతురి వైపు తిరిగి ఆలస్యం అమృతం విషం అంటారు. “నీ నాలుకకి రెండు వైపులా పదునేరా,” అని అత్తయ్య ఆయన్ని కూడా కలిపి తిట్టారు. నేను మంచం మీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. గోడ గడియారం రెండూ నలభై చూపిస్తోంది. నాలుగింటికి ఆపరేషన్. ఆ సంగతి ఈ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఐదు నిమిషాల ముందు వరకూ నాకు కూడా దాంతో పని లేదు. ఒంటిగంటకి డ్యూటీ దిగాను, ఇంటికొచ్చాను, తిన్నాను, డాబా మీద బట్టలు తీశాను. క్లిప్పుల సంచి మూతికి ముడి వేస్తుండగా వచ్చింది. వేళ్ళు దారాన్ని ఒక చుట్టు చుట్టి, కింది నుంచి లాగి, బిగించాయి, అంతే, మెట్టుందనుకుని అడుగేస్తే లేనట్టయింది. పొద్దున పదీ ఇరవైకి ఇదే ముడి రెండుసార్లు వేశాను, రెండు రక్తం సంచులకి రెండు ట్యాగులు కడుతూ. ముడి వేసిన సంగతి వేళ్ళకి గుర్తుంది. వేసే ముందు చదివానా అన్నది ఎవరికీ గుర్తులేదు, వేళ్ళకీ కళ్ళకీ నాకూ. ఇద్దరూ ఆడవాళ్ళే, ఒకే వార్డు, ఒకే పేరు. ఒకరిది మూడో మంచం, ఒకరిది పదకొండు. గ్రూపులు వేరు. పేర్లు కలిశాయని చూసి నవ్వుకోవడం కూడా గుర్తుంది, ఎవరో ఒకే బడ్డీలో పేర్లు కొన్నట్టున్నారు అనుకున్నాను. నవ్వు గుర్తుంది, ముడి గుర్తుంది, ఆ రెంటికీ మధ్య ఏముందో అక్కడ తెల్లగా ఉంది. మూడో మంచానికి పోవాల్సిన సంచికి మూడో మంచం ట్యాగే కట్టానా? కట్టే ఉంటాను. ఇరవై మూడేళ్ళుగా కడుతున్నదాన్ని కట్టకేం చేస్తాను. పదకొండో మంచం ఆవిడకి రేపు. మూడో మంచం ఆవిడకి ఇవాళే, నాలుగింటికి. తువ్వాలు మడతపెట్టాను. రెండూ నలభై ఒకటి.

తెర మీద సముద్రం ఊగుతోంది, పాత ఆటల్లో ఊగినట్టు, నాలుగు గీతలు ముందుకీ వెనక్కీ. అది అత్తయ్య దీవి. పదకొండేళ్ళ దీవి. ఈయన టీవీలు బాగుచేసే రోజుల్లో ఎవరో ఆ ఆట పెట్టెని రిపేరుకిచ్చి మళ్ళీ రాలేదు. రెండేళ్ళు అటక మీద పడి ఉంది. అత్తయ్య కాలు విరిగి మంచం పట్టినప్పుడు, ఆవిడ సతాయింపు పడలేక దాన్ని దించి టీవీకి తగిలించారు. ఒక రేవు, ఒక దీపస్తంభం, ఒక్కడే కాపలావాడు. పడవలొస్తాయి, సరుకు దించుకోవాలి, మొక్కలు నాటుకోవాలి, పొద్దుగూకే ముందు మెట్లెక్కి దీపం వెలిగించాలి, మరిచిపోతే ఆ పూట వచ్చే పడవ రాళ్ళకి కొట్టుకుంటుంది. గెలవడం లేదు, ఓడడం లేదు, అయిపోవడం కూడా లేదు. “ఇల్లు నడపడం లాంటిదే,” అన్నారు అత్తయ్య మొదటి వారంలో. కాలు అతుక్కుంది, ఆట వదల్లేదు. పోయిన ఏడాది పెట్టె చచ్చిపోయింది. ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకునే కార్డులో ఉన్నదాన్ని ఈయన ఎలాగో బయటికి తీశారు, అమ్మాయి దాన్ని కంప్యూటర్‌లో, పాత పెట్టెలాగా నటించే ఒక ప్రోగ్రాములో పెట్టింది. ఎమ్యులేటర్ అంటారట. దీవి తెర మీదికి వచ్చిన రోజు అత్తయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఒక్కటే వింత. ఈ కంప్యూటర్ ఆ పెట్టె కన్నా ఎన్ని వందల రెట్లు వేగమో అమ్మాయి చెప్పింది, కానీ ఆట దాచుకోవడానికి అప్పుడు ఎంత పట్టేదో ఇప్పుడూ అంతే పడుతోంది. ముప్పై ఎనిమిది సెకన్లు. అత్తయ్య పెదవులతో లెక్కపెడతారు.

ట్యాగు తెల్లది, పైన చిల్లు, చిల్లులోంచి దారం. ట్యాగు మీద పేరు, మంచం, గ్రూపు, సంచి నంబరు. రాసింది నేనే. రాయడం గుర్తుంది, ఆ పెన్ను పలకడం మానేస్తే బల్ల మీద రెండు సున్నాలు చుట్టాను. రెండు ట్యాగులూ రాసి పక్కపక్కన పెట్టాను, రెండు సంచులూ ఫ్రిజ్‌లోంచి తీసి పక్కపక్కన పెట్టాను. అప్పుడే కిటికీ అద్దం మీద ఆ వార్డు అటెండరు నాణెంతో టకటకమని కొట్టాడు. అటు చూశాను. ఇటు తిరిగాను. తిరిగినప్పుడు ఏ చెయ్యి ఏ ట్యాగు మీద పడింది? కుడిచెయ్యి కుడివైపు దాని మీదే పడి ఉంటుంది. కుడివైపు ఏది ఉంది?

“అసలు ఎందుకే అంత నెమ్మది?” ఈయన అడుగుతున్నారు, వేడి తగ్గకుండా ఒక పుల్ల ఎగదోయడానికి. “ఉన్నది కార్డు కాదుగా, ఫైలు. ఫైలు రాయడం చిటికెలో పని.” “ఫైలు రాయడం చిటికెలోదే నాన్నా. కానీ ఆటకి అది ఫైలని తెలీదు. దానికింకా కార్డు అనే తెలుసు.” అమ్మాయికి చెప్పడం ఇష్టం, చెప్పేటప్పుడు చేతులు కూడా మాట్లాడతాయి. “ఆ రోజుల్లో కార్డుకి తలుపు ఇరుకు. మూటలు మూటలు లోపలికి పోవు. గుప్పెడు ఇస్తారు, అందిందా అని అడుగుతారు, అందింది అనేదాకా ఆగుతారు, ఇంకో గుప్పెడు. మొత్తం ఇచ్చాక, ఏదీ నేనిచ్చింది మళ్ళీ చూపించు అని వెనక్కి తీసుకుని చదువుతారు. రెండూ కలిస్తేనే అయిపోయింది అంటుంది.” “మరి ఇప్పుడు తలుపు పెద్దదైంది కదా.” “అయింది. కానీ ఆట రాసినవాళ్ళు ఆ ఇరుకుని నమ్ముకుని రాశారు. ఇంతసేపు పడుతుంది, అంతవరకు ఎదురుచూడు అని. జవాబు మరీ ముందే వచ్చేస్తే ఆట బెదిరిపోతుంది, ఎదురుగా ఉన్నది కార్డు కాదు, ఏదో తేడా అనుకుంటుంది. అందుకే ఎమ్యులేటర్ కార్డు నెమ్మదిని కూడా నటిస్తుంది. కొంత ఆలస్యమైతే ఆట సొంతం, ఊరికే అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది, మీ అమ్మలాగా.” “నా ఊసెందుకే,” అన్నారు అత్తయ్య తెర మీంచి కళ్ళు తిప్పకుండా. “పోయిన వారం అదేగా అయింది. వేగం పెంచితే అసలు కార్డే లేదంది, కొత్తగా మొదలుపెట్టమంది,” అంది అమ్మాయి. ఆ రోజు అత్తయ్య మొహం నాకు గుర్తుంది. తెర మీద ఖాళీ ఇసుక, గుడిసె లేదు, దీపం లేదు, కాపలావాడు పడవ దిగి కొత్తగా అటూ ఇటూ చూస్తున్నాడు.

ఎదురుగా ఉన్నది సరైనదేనా అని అడిగి, అందిందా అని అడిగి, మళ్ళీ చూపించు అని అడిగి. మాకూ అదే పని. మా మాస్టారు నేర్పిన పని. ఆయన బ్లడ్ బ్యాంకులో పెద్ద టెక్నీషియన్, మాస్టారు అనే అందరూ పిలిచేవాళ్ళు. సంచి గది దాటే ముందు ఒకరు సంచి మీదదీ ట్యాగు మీదదీ పైకి చదవాలి, ఇంకొకరు వార్డు నుంచి వచ్చిన కాగితం పట్టుకుని వినాలి. తర్వాత కాగితం పట్టుకున్నవాళ్ళు చదవాలి, మొదటివాళ్ళు వినాలి. అప్పుడు రెండు సంతకాలు. కొత్తలో నాకు నవ్వొచ్చేది, ఇద్దరు చదువుకున్న మనుషులు ఒకటో తరగతి పిల్లల్లాగా అంకెలు అప్పజెప్పుకుంటుంటే. “కళ్ళకి మొహమాటం ఎక్కువమ్మా,” అనేవారు. “రాసింది చూడవు, రాయాలనుకున్నది చూస్తాయి. చెవికి ఆ మొహమాటం లేదు. అందుకే పైకి చదువు.” ఇద్దరూ చదవడానికి రెండు నిమిషాలు. అప్పట్లో పరీక్షకే ముప్పావుగంట పట్టేది కాబట్టి ఆ రెండు నిమిషాలు ఎవరి కళ్ళలోనూ పడలేదు. ఇప్పుడు కొత్త మిషనొచ్చింది, పరీక్ష పది నిమిషాల్లో అయిపోతుంది, దాంతో ఆ రెండు నిమిషాలే మొద్దులాగా దారికి అడ్డం పడి కనిపిస్తున్నాయి. కిటికీ దగ్గర నాణెం చప్పుడు అందుకే. “మిషన్ చెప్పేసిందిగా అమ్మా, ఇంకా ఏంటి మీరు పాఠం చదువుకుంటున్నారు?”

చదవలేదు. చదవలేదు కదా. పైకి చదవలేదన్నది మాత్రం ఖాయం, ఎందుకంటే వినడానికి ఎవరూ లేరు. ఆదివారం, డ్యూటీలో ఇద్దరమే, నేనూ గువ్వా. ఆ పిల్ల గొంతు అంత చిన్నది కాబట్టి గువ్వ అని పేరు పెట్టాం. వచ్చి నాలుగు నెలలు, ఇంకో రెండు గడిస్తే ఉద్యోగం ఖాయమవుతుంది. ఇంట్లో ఎనిమిది నెలల పాప. పది దాటాక ఫోన్ మోగింది, పాపకి జ్వరమట, మొహం పాలిపోయి నా వైపు చూసింది, “వెళ్ళి మాట్లాడిరా తల్లీ, నేనున్నాగా,” అన్నాను. వరండాలోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ముడులు వేసేశాను. రిజిస్టరు దాని ముందుకి తోశాను. అది పెన్ను పట్టుకుని ఒక్క క్షణం ఆగి, సంచుల వైపు చూసి, “చదువుదామా అక్కా?” అంది. “చూశాలే,” అన్నాను. ఆ ఒక్క మాట. చూశాలే. దాని సంతకం చిన్నదే, దాని గొంతులాగా. అటెండరు పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు నాకు ఏమనిపించిందంటే, పాపం పిల్లకి సాయం చేశాననిపించింది.

“అమ్మా, ఆ తువ్వాలు మూడోసారి మడతపెడుతున్నావు.” అమ్మాయి చూస్తోంది. నవ్వాను. నవ్వు మొహం మీదికి ఆలస్యంగా వచ్చింది. “మీ అమ్మకి తాళం జబ్బు తిరగబెట్టినట్టుంది,” అన్నారు ఈయన. అది ఇంట్లో పాత జోకు. వీధి చివరిదాకా వెళ్ళి తాళం వేశానా అని వెనక్కి వస్తాను. బస్సెక్కాక గ్యాసు కట్టేశానా అంటాను. ఒకసారి పెళ్ళికి బయల్దేరి సగం దారిలో ఇస్త్రీ పెట్టె గుర్తొచ్చి అందర్నీ వెనక్కి లాక్కొచ్చాను, చల్లగా ఉంది, వైరు పిడికి చుట్టి పక్కన పెట్టి ఉంది. ఈయన ఆ కథని ఇప్పటికీ ప్రతి చుట్టానికీ చెప్తారు, ప్రతిసారీ దూరం ఒక మైలు పెంచి. ఇన్నేళ్ళలో నేను వెనక్కి వెళ్ళిన ఒక్కసారి కూడా తాళం తీసి లేదు. ఒక్కసారి కూడా గ్యాసు వెలుగుతూ లేదు. కాబట్టి ఇది కూడా అదే. ట్యాగులు సరిగానే ఉండి ఉంటాయి. నేను ఫోన్ చేస్తే థియేటర్లో అందరూ ఆగిపోతారు, సంచి తీసి చదువుతారు, సరిగానే ఉంది అంటారు, కానీ అడగాల్సి వచ్చింది ఎందుకు అని అడుగుతారు. చదవకుండా సంతకం ఎందుకు పెట్టారంటారు. మా గది తలుపు మీద అంటించిన కాగితం ఉంది, పోయిన నెలదే, ఇద్దరూ సరిచూడకుండా సంచి బయటికి పోతే సంతకం పెట్టిన ఇద్దరి మీదా చర్య. నన్ను బదిలీ చేస్తారేమో, సస్పెండ్ చేస్తారేమో. గువ్వని అయితే ఒక్క కాగితంతో ఇంటికి పంపుతారు, కారణం కూడా రాయక్కర్లేదు. తాళం వేసే ఉందని తెలుసుకోవడానికి ఆ పిల్లని ఇంటికి పంపాలా?

రెండూ యాభై రెండు. రక్తం ఎక్కించేముందు అక్కడా చూస్తారు. నర్సు చూస్తుంది, మత్తు డాక్టరు చూస్తాడు. సంచి మీద ముద్ర కొట్టిన గ్రూపునీ కేసు షీటులో గ్రూపునీ కలిపి చూడాలని వాళ్ళకీ నియమం ఉంది. చూస్తారు. మేం చూశామని నమ్మితే ట్యాగు ఒక్కటే చూస్తారు. మేం, వాళ్ళు చూస్తారులే అనుకున్నట్టు. అందరూ పక్కవాళ్ళు చూశారనుకుంటే ఎవరు చూసినట్టు? మూడో మంచం ఆవిడని నేను చూడలేదు. రక్తం గొట్టం ఒక్కటే వచ్చింది నా దగ్గరికి, వేలెడంత, ఇంకా ఒంటి వెచ్చదనం పోనిది. ఇప్పుడు ఆవిడకి పచ్చ గౌను వేసి ఉంటారు. గాజులూ చెవులవీ తీయించి కొంగులో మూటకట్టి ఎవరి చేతికో ఇచ్చి ఉంటారు. పొద్దున్నించీ ఏమీ తినలేదు కాబట్టి నోరెండిపోయి ఉంటుంది. భయం లేదులే అని ఎవరో చెప్తూ ఉంటారు.

పని నేర్చుకునే రోజుల్లో ఒక వార్డుకి నమూనా తేవడానికి వెళ్ళాను, కిటికీ పక్క మంచం మీద ఒకామెకి రక్తం ఎక్కుతోంది. పది నిమిషాలు కూడా కాలేదట. దుప్పటి కింద వణుకు మొదలైంది, మంచం ఇనుప కోళ్ళు గచ్చు మీద చిన్నగా చప్పుడు చేశాయి. నడుం పట్టేసిందంది. నర్సు మణికట్టు రెండు చేతులతో పట్టుకుని, “నాకేదో అయిపోతోందమ్మా, ఏమవుతోందో చెప్పు, నాకేదో అయిపోతోంది,” అంది. అరవలేదు. పొరుగింటావిడని చక్కెర అడిగినంత మెల్లగా అంది. గొట్టం తీసేశారు, పరుగులు పెట్టారు, నేను గోడకి అతుక్కుని నిలబడ్డాను. మూడో రోజు ఆ మంచం ఖాళీ అయింది. ఇంటికెళ్ళిందని ఎవరూ అనలేదు. మా గదిలో పైకి చదవడం ఆమె వల్లే మొదలైందని చాలా ఏళ్ళకి తెలిసింది, మాస్టారు పదవీ విరమణ రోజున. దండ మెడలోనే ఉంది, తీయడం మరిచిపోయారు. అందరూ వెళ్ళాక బల్ల మీద కాగితాలు సర్దుతూ, “ఆ సంచి కట్టింది నేనే,” అన్నారు. ఏ సంచి అని నేను అడగలేదు. “ఆ రోజు కూడా నేను చూశాననే అనుకున్నానమ్మా.”

“సరే, అయితే ఫొటో తీస్తా,” అంటోంది అమ్మాయి, తగువులో కొత్త దారి తొక్కి. “ఫొటో అయితే అర సెకను. దాచక్కర్లేదు, ఏం అక్కర్లేదు.” ఆ ప్రోగ్రాములో ఒక మీట ఉంది, అది నొక్కితే ఆ క్షణంలో ఆట ఎక్కడుందో మొత్తం అలాగే గడ్డకట్టించి పెట్టుకుంటుంది, అల ఎక్కడుంటే అక్కడ, కాలెత్తినవాడు ఎత్తినట్టే. “అంత సుఖమైతే అది చెయ్యక దీనికోసం ఏడుపెందుకు మరి?” అన్నారు ఈయన. అమ్మాయి కాస్త తగ్గింది. “ఫొటో దేన్నీ సరిచూడదు. ఏదైనా చెడి ఉంటే చెడినట్టే తీస్తుంది. పైగా పాత ఫొటోలోకి తిరిగి వెళ్తే కార్డు కూడా అప్పటిదే అయిపోతుంది, ఆ తర్వాత దాచుకున్నవన్నీ పోతాయి.” “విన్నావా,” అన్నారు అత్తయ్య. నేను వింటున్నాను. నా దగ్గరా ఫొటోలే ఉన్నాయి. బల్ల మీద రెండు సున్నాలు. నాణెం చప్పుడు. గువ్వ పెన్ను ఎత్తిపట్టుకోవడం. పది గంటల ఇరవై నిమిషాలకి నేను ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళినా ఆ ఫొటోల్లో ట్యాగు అటు తిరిగే ఉంటుంది, దాని మీద ఉన్న అక్షరాలు కనపడవు. కళ్ళు మూసుకుని గట్టిగా చూస్తే కనపడుతున్నాయి కూడా, మూడు అని చక్కగా, సరైన సంచి మీదే, కానీ అది నేనిప్పుడు రాసుకుంటున్నదని నాకు తెలుసు. కళ్ళకి మొహమాటం ఎక్కువ.

అత్తయ్య కాపలావాణ్ణి మెట్లెక్కించారు. దీపం వెలిగింది. గుడిసెలోకి తెచ్చి పుస్తకం తెరిపించారు, దాచుకోవడం మొదలైంది. తెర అడుగున ఆ వాక్యం వచ్చింది, అత్తయ్యకి ఆ భాష రాదు, అక్షరాల వాలకం తెలుసు. అమ్మాయి ఎప్పుడో చదివి చెప్పింది, దాస్తున్నాను, కరెంటు తీయొద్దు అని. ఈ ముప్పై ఎనిమిది సెకన్లూ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదన్న నియమం ఎవరూ పెట్టలేదు, అయినా మాట్లాడం. పదకొండు, పన్నెండు. ఒక చుక్క వెలిగింది. ఇంకో చుక్క. అందిందా. అందింది. పంతొమ్మిది దగ్గర ఫ్యాను రెక్కలు మూలిగాయి, లైటు పసుపుగా అయిపోయింది, తెర ఒక్కసారి కిందికి కుంగినట్టు మసకబారింది. కరెంటు. ఈయన కుర్చీలోంచి లేచిన చప్పుడు. అత్తయ్య వేళ్ళు కదల్లేదు. మూల ఉన్న ఇన్వర్టరు టక్కుమంది, ఈయన చేత్తో కట్టిందే, తెర మళ్ళీ తేరుకుంది, సముద్రం ఊగుతూనే ఉంది. ఇరవై ఆరు, ఇరవై ఏడు. ఇప్పుడు పోతే సగం పాత దీవి సగం కొత్త దీవి. ముప్పై మూడు. థియేటరు దీపాలు పెద్దవి, గుండ్రంగా, ఒకదానిలో తొమ్మిది బల్బులు. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది. అయిపోయిందని చిన్న గంట మోగింది. ఈయన ఊపిరి వదిలి కూర్చుని, “బతికింది,” అన్నారు.

అత్తయ్య మాత్రం లేవలేదు. రోజూ చేసేదే చేశారు, నేను రోజూ చూసేదే, కానీ ఇవాళ మొదటిసారి చూశాను. ఆటలోంచి బయటికొచ్చేశారు. మొదటి తెర దాకా పోయారు. మళ్ళీ లోపలికి, మళ్ళీ కార్డు అడగడం, మళ్ళీ చుక్కలు, మళ్ళీ ఎదురుచూడటం. దీవి వచ్చింది. కాపలావాణ్ణి గుడిసెలోంచి బయటికి నడిపించి, రేవు మీదుగా, దీపస్తంభం మెట్లు ఒక్కొక్కటీ ఎక్కించి, పైన దీపం వెలుగుతోందా అని చూశారు. వెలుగుతోంది. అప్పుడు ఆ మీటల పెట్టె ఒళ్ళో పెట్టుకున్నారు. అమ్మాయి నెత్తి కొట్టుకుంది. “నానమ్మా, ఇందాకంతా చెప్పానా లేదా? అది రాసింది తనే వెనక్కి చదువుకుని, కలిశాకే గంట కొడుతుంది. మళ్ళీ నువ్వెందుకు చూడటం?”

“అది దాని చూపే,” అన్నారు అత్తయ్య. “అది చూసుకుంటే నేను చూసినట్టా?”

“ఉందిగా మరి, ఎప్పుడు చూసినా ఉంటుందిగా.”

“ఉంటుంది. లేని రోజు నువ్వొచ్చి ముందుగా చెప్తావా నాకు?”

ఈయన నవ్వారు. అమ్మాయి కూడా ఓడిపోయి నవ్వింది. మూడూ రెండు. చదువుదామా అక్కా, అని అడిగింది ఆ పిల్ల. జ్వరంతో పాప ఏడుపు చెవిలో ఉండగా, ఉద్యోగం ఇంకా చేతిలో పడకుండా, తన కన్నా ఇరవై ఏళ్ళ పెద్దదాన్ని నన్ను అడిగింది. దాని చూపు అది చూస్తానంది. చూశాలే అని నేనే దాని చూపు కూడా చూసేశాను. దాన్ని కాపాడుతున్నానని ఇప్పటిదాకా ఇక్కడ కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను. దాని ఉద్యోగానికి భయపడుతున్నానా, ఇస్త్రీ పెట్టె కథకి ఇంకో కథ తోడవుతుందని భయపడుతున్నానా, మాస్టారులాగా దండ వేసుకుని ఎవరికో చెప్పుకోవాల్సిన రోజుకి భయపడుతున్నానా? అన్నిటికీ. కానీ వీటిలో ఏదీ పచ్చ గౌనులో లేదు, వేటి నోరూ ఎండిపోలేదు. తాళం వేసే ఉంటుంది. ఉండొచ్చు. వేసి ఉన్న తాళం కోసం వీధి చివర నుంచి వెనక్కి వచ్చినప్పుడల్లా నవ్వారు, నేనూ నవ్వాను, ఆ నవ్వుకి జడిసే ఇవాళ పాతిక నిమిషాలు మింగేశాను. నాలుగయ్యేలోపు ఒక మనిషి ఆ ట్యాగు పట్టుకుని పైకి చదవాలి, ఫోన్లో నేను వినాలి. తర్వాత నేను చదవాలి, వాళ్ళు వినాలి. రెండు నిమిషాల పని. ఒక్క ట్యాగే కాబట్టి ముప్పై ఎనిమిది సెకన్లే పట్టొచ్చు.

తువ్వాలు పక్కన పెట్టాను. లేచాను. ఫోన్ అత్తయ్య పక్కన, కిటికీ దగ్గర ఉంది, దానికోసం తెరకి అడ్డం రావాల్సి వచ్చింది. అత్తయ్య తల పక్కకి వంచి నా మొహంలోకి చూసి, ఆట గొంతు తగ్గించారు. సముద్రం చప్పుడు ఆగేసరికి ఈయనా అమ్మాయీ కూడా తిరిగారు.

“ఏంటి, మళ్ళీ గ్యాసా?” అన్నారు ఈయన.

“కాదండీ,” అన్నాను. నా గొంతు నాకే గువ్వ గొంతులా వినపడింది. “పొద్దున రెండు రక్తం సంచులు పైకి చదవకుండా పంపించాను. సరిగానే ఉండొచ్చు. ఒకటి నాలుగింటి ఆపరేషన్‌కి వెళ్ళింది. ఇప్పుడు థియేటర్‌కి ఫోన్ చేసి, నేను చెప్పేదాకా దాన్ని ముట్టుకోవద్దంటాను. ట్యాగు చదివించుకుంటాను. ఆ తర్వాత ఆస్పత్రికి వెళ్తాను, రావడం ఆలస్యమవుతుంది. అక్కడ రిజిస్టర్లో రాసి సంతకం పెడతాను, చదువుదామని ఆ పిల్ల అడిగిందనీ, అక్కర్లేదన్నది నేనేననీ.”